శూన్యం వంగుతుందా? ఒక రిటైర్డ్ అకౌంటెంట్ వేసిన లెక్క

రాయ్‌పూర్‌లో మా తెలుగువాళ్ళ మధ్య నాకు "దేవుడు లేడనేవాడు" అని ఒక పేరు ఉంది. ఆ పేరు వల్ల నా దగ్గరికి రెండు రకాల మనుషులు వస్తుంటారు. మొదటి రకం, నన్ను మార్చడానికి వచ్చేవాళ్ళు. రెండో రకం, నేను నాస్తికుణ్ణి కాబట్టి తమ కొత్త సిద్ధాంతాన్ని తప్పకుండా ఒప్పుకుంటానని నమ్మి వచ్చేవాళ్ళు. మొదటి రకంతో నాకు ఇబ్బంది లేదు. వాళ్ళకి ఏమి చెప్పాలో నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఈ వ్యాసం రెండో రకం గురించి.

కిందటి చలికాలంలో ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. రైల్వేలో పని చేసి రిటైరయ్యాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. నేను ఆయన్ని అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటాడు. మా సభలకి వస్తాడు, చందా ఇస్తాడు, మూఢనమ్మకాల మీద మాతో పాటు ఊళ్ళు తిరిగాడు. ఆయన చేతిలో అరవై పేజీల టైపు కాగితాలు ఉన్నాయి. గురుత్వాకర్షణ అంటే ఏమిటో తాను కనిపెట్టానన్నాడు. "ఆకర్షణ అనేదే లేదు తమ్ముడూ. ఉన్నది నెట్టుడే. శూన్యం అనుకుంటున్నది శూన్యం కాదు. దాని నిండా కంటికి కనపడని కణాలు అన్ని వైపుల నుంచీ దూసుకుపోతుంటాయి. భూమి కింది నుంచి వచ్చే కణాలని అడ్డుకుంటుంది. పై నుంచి వచ్చేవి మనని కిందికి నెడతాయి. అంతే. శూన్యం వంగుతుంది అని ఐన్‌స్టీన్ చెప్పింది వట్టి భావవాదం. లేనిది ఎలా వంగుతుంది?" అన్నాడు.

నన్ను ముందుమాట రాయమన్నాడు. ఒక విదేశీ పత్రిక ఆయన వ్యాసాన్ని నాలుగు రోజుల్లో ఆమోదించిందట. అచ్చు వేయడానికి మాత్రం ఫీజు కట్టాలట. ఆ ఫీజు ఆయన రెండు నెలల పెన్షన్.

నేను బి.కాం. చదివాను. డిఫెన్స్ అకౌంట్స్‌లో వోచర్లు, లెడ్జర్లు చూస్తూ రిటైరయ్యాను. ఫిజిక్స్ గురించి మాట్లాడే అర్హత నాకు ఏముంది అని మీరు అడగవచ్చు. అర్హత లేదు. కానీ ఈ విషయంలో నాకు ఒక అనుభవం ఉంది. ఆ అనుభవం కొంచెం సిగ్గుపడవలసినది.

దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం నేను కూడా సరిగ్గా ఇదే రాశాను. ఒక చిన్న పత్రికలో రెండు పేజీల వ్యాసం. పదార్థం ఉంది, శూన్యం అంటే పదార్థం లేకపోవడం, లేకపోవడానికి ఆకారం ఉండదు, ఆకారం లేనిది వంగదు, కాబట్టి ఐన్‌స్టీన్ సిద్ధాంతం భౌతికవాదానికి వ్యతిరేకం అని తీర్పు ఇచ్చేశాను. చాలామంది బాగుందన్నారు. ఒక కుర్ర లెక్చరర్ మాత్రం పోస్టుకార్డు రాశాడు. "మీ సిద్ధాంతం ప్రకారం బుధగ్రహం కక్ష్యలో తేడా ఎంత రావాలి? ఒక అంకె చెప్పండి" అని. నా దగ్గర అంకె లేదు. జీవితమంతా అంకెలతో బతికినవాణ్ణి, ఒక్క అంకె కూడా లేకుండా ఐన్‌స్టీన్‌ని కొట్టిపారేశాను. ఆ కార్డు నేను ఇప్పటికీ దాచుకున్నాను.

అందుకే అన్నయ్యగారి కాగితాలు నవ్వకుండా చదివాను. ఒక విషయం ఆయనకి తెలియదు. ఆయన కనిపెట్టిన సిద్ధాంతం వయస్సు మూడు వందల ఏళ్ళ పైమాట. 1690లో ఫాషియో అనే ఆయన చెప్పాడు. 18వ శతాబ్దంలో జెనీవాకి చెందిన లె సాజ్ దాన్ని వివరంగా తయారు చేశాడు. అది పిచ్చి సిద్ధాంతం కాదు. దూరం రెండింతలయితే ఆకర్షణ నాలుగో వంతు అవుతుందని న్యూటన్ చెప్పిన సూత్రం ఈ నెట్టుడు సిద్ధాంతం నుంచి కూడా చక్కగా వస్తుంది. న్యూటన్ తన సూత్రం ఇచ్చాడు కానీ ఆకర్షణకి కారణం ఏమిటో చెప్పలేదు, తెలియదని ఒప్పుకున్నాడు. ఆ ఖాళీని నింపడానికి లె సాజ్ చేసిన ప్రయత్నం గౌరవించదగినదే.

కానీ లెడ్జర్‌లో జమ ఒక్కటే ఉండదు, ఖర్చు కూడా ఉంటుంది. వర్షంలో పరుగెత్తేవాడికి వీపు కంటే ఛాతీ ఎక్కువ తడుస్తుంది. భూమి సూర్యుని చుట్టూ సెకనుకి 30 కి.మీ. వేగంతో పరుగెడుతోంది. అన్ని వైపుల నుంచీ కణాల వాన కురుస్తుంటే ఎదురుగా తగిలేవి ఎక్కువ ఉండాలి. వేగం తగ్గాలి. దాదాపు 450 కోట్ల సంవత్సరాలుగా తిరుగుతున్న భూమి ఎప్పుడో సూర్యునిలో పడి ఉండాలి. దీనికి ఒక జవాబు ఉంది. కణాల వేగం ఊహించలేనంత ఎక్కువ అనుకుంటే భూమి వేగం వాటి ముందు లెక్కలోకి రాదు, ఎదురు తాకిడి నామమాత్రం అవుతుంది. సరే. కానీ అంత వేగంతో వచ్చి తగిలే కణాలు తమ శక్తిని భూమికి ఇస్తే ఆ శక్తి వేడిగా మారాలి. 1875లో మాక్స్‌వెల్ ఈ అభ్యంతరమే చెప్పాడు. గురుత్వాకర్షణని పుట్టించగలిగినంత తాకిడి ఉంటే వస్తువులన్నీ క్షణాల్లో తెల్లగా కాలిపోవాలి. వేగం పెంచితే వేడి పెరుగుతుంది, వేడి తగ్గిస్తే గ్రహం ఆగిపోతుంది. ఒక పద్దు సరిచేస్తే ఇంకో పద్దు తేడా వస్తుంది. ఇలాంటి ఖాతాలు నా సర్వీసులో చాలా చూశాను. తేడాని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరపడాన్ని లెక్క తేల్చడం అనరు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. లేనిది ఎలా వంగుతుంది? ఈ ప్రశ్నలో మోసం "వంగడం" అనే మాటలో ఉంది. ఆ మాట వినగానే మనకి ఇనుప చువ్వ గుర్తుకొస్తుంది. ఐన్‌స్టీన్ చెప్పింది చువ్వ గురించి కాదు, కొలతల గురించి. గడియారాలతో కాలాన్ని, బద్దలతో దూరాన్ని కొలిచినప్పుడు, బరువైన వస్తువుల దగ్గర ఆ కొలతలు స్కూల్లో నేర్చుకున్న జామెట్రీకి సరిపోవు అని ఆయన చెప్పాడు. సరిపోతాయా లేదా అనేది కొలిస్తే తెలుస్తుంది. దానికి భౌతికవాదం, భావవాదం అనే మాటలతో పని లేదు.

కొలిచారు కూడా. నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1977 నాటిది. జి.పి.ఎస్. కి ముందు ప్రయోగంగా అమెరికావాళ్ళు ఎన్‌టిఎస్-2 అనే ఉపగ్రహాన్ని పంపారు. అందులో సీజియం గడియారం ఉంది. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం ఆ ఎత్తులో గడియారం భూమి మీది దాని కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకు పరుగెత్తాలి. ఆకర్షణ తక్కువగా ఉండడం వల్ల 45 మైక్రోసెకన్లు ముందుకి, ఉపగ్రహం వేగం వల్ల 7 వెనక్కి, నికరం 38. ఆ ఇంజనీర్లలో కొందరికి ఈ లెక్క మీద నమ్మకం లేదు. అందుకని ఈ తేడాని సరిదిద్దే ఏర్పాటుని గడియారంలో పెట్టి, దాన్ని వెంటనే ఆన్ చెయ్యకుండా ఉంచారు. దాదాపు 20 రోజులు అలాగే వదిలేసి చూశారు. గడియారం ముందుకు పరుగెత్తింది. లెక్కకీ కొలతకీ మధ్య తేడా ఒక శాతం లోపే. అప్పుడు స్విచ్ వేశారు.

38 మైక్రోసెకన్లు అంటే ఏ పాటి అనుకోకండి. కాంతి సెకనుకి 3 లక్షల కి.మీ. పోతుంది. 38 మైక్రోసెకన్లలో 11 కి.మీ. పైన పోతుంది. జి.పి.ఎస్. పని చేసేది కాంతి వేగంతో వచ్చే సంకేతాల మీద కాబట్టి ఈ తేడాని దిద్దుకోక తప్పదు. మనం ఫోన్లో దారి చూసుకుని వెళ్ళే ప్రతిసారీ ఆ దిద్దుబాటు పని చేస్తోంది. శూన్యం వంగదు అని వ్యాసం రాసిన నేను అదే ఫోన్ పట్టుకుని భిలాయ్‌లో ఒక పెళ్ళి మంటపం వెతుక్కున్నాను. ఇంతకంటే మంచి ఆడిట్ అబ్జెక్షన్ ఏముంటుంది?

అయితే ఐన్‌స్టీన్ చెప్పిందే చివరి మాటా? కాదు. అది కూడా ఎవరూ అనడం లేదు. ఇక్కడ మా అకౌంట్స్ వాళ్ళకి తెలిసిన ఒక మాట వాడతాను. సస్పెన్స్ అకౌంట్. ఏ పద్దుకి చెందుతుందో తెలియని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో ఉంచుతాం. దాచిపెట్టడానికి కాదు, తేల్చడానికి. 1846లో యురేనస్ కదలికలో తేడా వస్తోందని లె వెరియే లెక్క కట్టి, ఫలానా చోట కొత్త గ్రహం ఉండాలన్నాడు. నెప్ట్యూన్ దొరికింది. 1859లో ఆయనే బుధగ్రహంలో తేడా చూశాడు. ఈసారి కూడా కొత్త గ్రహం ఉండాలనుకున్నారు, దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. వల్కన్ దొరకలేదు. వందేళ్ళకి 43 ఆర్క్ సెకన్ల తేడా యాభై ఏళ్ళ పైన సస్పెన్స్‌లోనే ఉండిపోయింది. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గ్రహాన్ని తేలేదు, రూల్ బుక్ మార్చాడు. 43 తేలింది.

గమనించండి. ఒకే మనిషి, ఒకే పద్ధతి. ఒకసారి కొత్త వస్తువు దొరికింది, ఇంకోసారి సూత్రమే మారింది. ఈ రోజు గెలాక్సీలు తిరిగే తీరులో తేడా ఉంది. దాన్ని కృష్ణపదార్థం అనే పేరుతో సస్పెన్స్‌లో పెట్టారు. అది నెప్ట్యూన్ అవుతుందా, వల్కన్ అవుతుందా అని ముందుగా చెప్పగలిగినవాళ్ళు లేరు. కాబట్టి కొత్త ఊహలు కావాలి. ఊహించడం తప్పు కాదు.

తప్పు ఎక్కడుందో చెప్పడానికి మన ఊళ్ళ పక్క జరిగిన సంగతి ఒకటి చెపుతాను. 1986లో అమెరికాలో ఫిష్‌బాక్ అనే ప్రొఫెసర్, ఆయన మిత్రులు, పాత ప్రయోగాల అంకెలు తిరగేసి ఐదో బలం ఒకటి ఉండవచ్చన్నారు. వస్తువు దేనితో తయారయింది అనేదాన్ని బట్టి దాని మీద పని చేసే బలం కొద్దిగా మారుతుందన్నారు. ఎంత మారాలో, ఎంత దూరంలో మారాలో అంకెలతో చెప్పారు. దాన్ని పరీక్షించిన చోట్లలో ఒకటి గౌరిబిదనూరు. హిందూపురం దాటి కర్ణాటకలో అడుగు పెడితే వచ్చే ఊరు, తెలుగు బాగా వినపడే ఊరు. అక్కడ టాటా ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన రామనాథ్ కౌశిక్ బృందం భూమి లోపల గది తవ్వి, సన్నని తీగకి లోహపు ముక్కలు వేలాడదీసి కొలిచింది. భూమి లోపల ఎందుకంటే పైన గాలి, ఎండ, రోడ్డు మీద లారీ, అన్నీ ఆ తీగని కదిలిస్తాయి. 1988లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు కొలిచినంతలో ఐదో బలం కనపడలేదు. మిగతా దేశాల్లో జాగ్రత్తగా చేసిన ప్రయోగాలు కూడా చివరికి అదే తేల్చాయి.

ఫిష్‌బాక్ ఊహ తప్పు అయింది. కానీ అది గౌరవంగా తప్పు అయింది. ఎందుకంటే ఆయన తన ఊహ ఓడిపోయే చోటు తానే చూపించాడు.

నేడు శూన్యం గురించి ఇంతకంటే వింత ఊహలు ఉన్నాయి. మన దేశంలో పుట్టిన అభయ్ అష్టేకర్ 1986లో వేసిన పునాది మీద లూప్ సిద్ధాంతం పెరిగింది. దాని ప్రకారం స్థలానికి కూడా గింజలు ఉంటాయి, ఇసుకకి రేణువులు ఉన్నట్టు. పుణేలో పని చేసి 2021లో చనిపోయిన పద్మనాభన్, వేడి అనేది అణువుల కదలిక నుంచి పుట్టినట్టే గురుత్వాకర్షణ కూడా ఇంకా లోతైన దేనినుంచో పుడుతుందేమో అని లెక్కలు కట్టారు. వీటిలో ఏదీ ఇంకా రుజువు కాలేదు. కానీ పరీక్షలు జరుగుతున్నాయి. స్థలానికి గింజలు ఉంటే ఎక్కువ శక్తి గల కాంతి కొద్దిగా ఆలస్యంగా రావచ్చు అని కొందరు ఊహించారు. 2009లో ఫెర్మీ ఉపగ్రహం దాదాపు 700 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి వచ్చిన గామా కిరణాలను చూసింది. ఎక్కువ శక్తి గల కణం కూడా మిగతావాటితో పాటు ఒక సెకను లోపు తేడాలో వచ్చేసింది. ఆ రకం ఊహల్లో సూటిగా ఉన్నవి అక్కడ దెబ్బతిన్నాయి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు వచ్చిన గురుత్వ తరంగమూ, గామా కిరణాలూ 13 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో చేరాయి. ఐన్‌స్టీన్‌కి ప్రత్యామ్నాయంగా వచ్చిన సిద్ధాంతాలు కొన్ని ఆ 1.7 సెకన్లలో పోయాయి. వాటిని రాసినవాళ్ళు పెద్ద పెద్ద ప్రొఫెసర్లు. డిగ్రీ వాళ్ళని కాపాడలేదు. కాబట్టి "చదువుకున్నవాళ్ళు మమ్మల్ని రానివ్వరు" అనే ఫిర్యాదు నేను ఒప్పుకోను. ఆ అంకె వాళ్ళనీ వదలదు.

ఇక మన సంగతి. 2019 జనవరిలో పంజాబ్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్ గుర్తుందా? అప్పటి ఆంధ్రా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారు కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలన్నారు, రావణుడికి రకరకాల విమానాలు ఉండేవన్నారు. అదే కాంగ్రెస్‌లో తమిళనాడు నుంచి వచ్చిన ఒకాయన న్యూటన్, ఐన్‌స్టీన్ ఇద్దరూ తప్పని చెప్పి, గురుత్వ తరంగాలకి ప్రధానమంత్రి పేరు పెడతానన్నాడు. విన్నవాళ్ళలో బడి పిల్లలు ఉన్నారు. మనమందరం దాన్ని ఎండగట్టాం. నేను కూడా రాశాను. మంచిదే.

కానీ మనలోవాడు భౌతికవాదం పేరు చెప్పి ఐన్‌స్టీన్ తప్పంటే మనం ఎందుకు చప్పట్లు కొడతాం? ఇది కొత్త జబ్బు కాదు. 1920లలో సోవియట్ రష్యాలో తిమిర్యాజెవ్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ సాపేక్ష సిద్ధాంతం భౌతికవాదానికి విరుద్ధమని పోరాడాడు. అదే కాలంలో అదే దేశంలో ఫ్రీడ్‌మన్ ఆ సిద్ధాంతం సమీకరణాలే తీసుకుని 1922లో విశ్వం వ్యాకోచించవచ్చని లెక్క చూపించాడు. ఈ రోజు ప్రతి ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నది ఫ్రీడ్‌మన్. వేదాల్లో ఉంది కాబట్టి నిజం అనేవాడికీ, భౌతికవాదానికి సరిపోదు కాబట్టి అబద్ధం అనేవాడికీ తేడా ఏముంది? ఇద్దరూ కొలవకుండా తీర్పు ఇస్తున్నారు.

భిన్నంగా ఆలోచించడం ఎలాగో తెలియాలంటే జయంత్ నార్లికర్‌ని చూడండి. 1964లో హాయిల్‌తో కలిసి వేరే గురుత్వాకర్షణ సిద్ధాంతం ఇచ్చారు. మహావిస్ఫోటనాన్ని చివరి వరకూ అనుమానించారు. ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఆయనతో ఏకీభవించలేదు. 2025లో చనిపోయే వరకూ ఆయన మైనారిటీలోనే ఉన్నారు. కానీ ఎప్పుడూ లెక్కతోనే వాదించారు. ఆయనే 2008లో నరేంద్ర దాభోల్కర్ సంస్థతో కలిసి జ్యోతిష్యులకి పరీక్ష పెట్టారు. తెలివైన పిల్లల జాతకాలు, మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలు కలిపి ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జ్యోతిష్యులు ఒక్కొక్కరు 40 జాతకాలు చూసి చెప్పారు. సరిగ్గా చెప్పినవి 46 శాతం. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. ఆయన జ్యోతిష్యులని అడిగిన ప్రశ్ననే తన విశ్వ సిద్ధాంతాన్ని కూడా అడిగారు. నా దృష్టిలో హేతువాదం అంటే అది.

మా ఛత్తీస్‌గఢ్‌లో ఇది చర్చ కోసం చర్చ కాదు. ఇక్కడ టోనహీ అని, అంటే మంత్రగత్తె అని, ముద్ర వేసి ఆడవాళ్ళని హింసిస్తారు. దానికోసం 2005లో ప్రత్యేక చట్టం తేవలసి వచ్చింది. మేము పల్లెలకి వెళ్ళి అడిగేది ఒక్కటే. "ఈమె చేసిందని రుజువు ఏమిటి?" అని. ఆ ప్రశ్నకి బలం ఎక్కడిది? మేము మా మాటలకి కూడా రుజువు చూపిస్తాం అనే దాని నుంచి. మా సంఘం పేరుతోనే రుజువు లేని పుస్తకం ఒకటి వస్తే, రేపు ఆ ఊరి బైగా నన్ను చూసి "నీ కణాలు నువ్వు చూశావా?" అంటాడు. నా దగ్గర జవాబు ఉండదు.

అందుకే నేను ముందుమాట రాయలేదు. ఒక లెడ్జర్ కాగితం మీద రెండు వరసలు గీసి, ఎడమ వైపు ఆయన సిద్ధాంతం వివరించగలిగినవి, కుడి వైపు వివరించలేనివి రాసి పట్టుకెళ్ళాను. కుడి వైపు వేడి, ఎదురు తాకిడి, బుధుడి 43, ఉపగ్రహం 38. కింద పోస్టుకార్డు సంగతి కూడా చెప్పాను. ఆయనకి కోపం వచ్చింది. "నువ్వు కూడా పెద్దవాళ్ళ పక్షమే అన్నమాట" అన్నాడు. నెల రోజులు మాట్లాడలేదు. నాకు బాధ కలిగింది. డెబ్బై దాటిన మనిషి, భార్య పోయాక రాత్రిళ్ళు కూర్చుని రాసుకున్న కాగితాలు అవి. అబద్ధం ముందుమాట ఒకటి రాసేస్తే ఆ నెల రోజులూ హాయిగా గడిచేవి. కానీ ఇరవై ఏళ్ళ క్రితం ఆ కుర్రాడు నన్ను మెచ్చుకుని వదిలేసి ఉంటే నేను ఈ రోజుకీ ఆ వ్యాసమే చదివి వినిపిస్తూ ఉండేవాణ్ణి.

మొన్న తేలీబాంధా చెరువు దగ్గర పొద్దున నడకలో కనపడ్డాడు. పలకరింపు లేకుండా, "ఆ వర్షంలో పరుగెత్తేవాడి లెక్క ఎలా వెయ్యాలి తమ్ముడూ?" అన్నాడు. ఫీజు ఇంకా కట్టలేదట. సిద్ధాంతం కూడా వదల్లేదు. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. నాకు వచ్చింది బి.కాం. లెక్కలే, ఆయనకి వచ్చింది వర్క్‌షాప్ లెక్కలే. సగం వరకే వెయ్యగలిగాం. మిగతా సగానికి ఒక ఫిజిక్స్ మాస్టారిని పట్టుకోవాలని నిర్ణయించుకున్నాం.

మిత్రులకి నా మనవి ఒక్కటే. ఎవరైనా కొత్త సిద్ధాంతం తెస్తే వెక్కిరించకండి, చప్పట్లు కూడా కొట్టకండి. "ఇది నిజమైతే ఏ అంకె రావాలి? ఏ అంకె వస్తే మీరు ఒప్పుకుని మానేస్తారు?" అని అడగండి. అదే ప్రశ్న మనం ఇష్టపడి నమ్మేవాటిని కూడా అడుగుదాం. శూన్యం వంగదు అని నేను రాసిన ఆ పాత వ్యాసం తప్పు. దాన్ని ఈ వ్యాసంతో రద్దు చేసుకుంటున్నాను.